చిన్నప్రాణులును ఛాయాగ్రహణమును

ఆరుద్రకార్తె ప్రవేశించి తొలకరివాన కురిసిన మరునాటి యుదయమున, ఆదోని చుట్టుపట్ల ఎఱ్ఱనేలలలో నడచువారికి కుంకుమ చల్లినట్లు నేలపై చిన్న చిన్న ప్రాణులు కనబడును. వానిని మనము ఆరుద్రపురుగులందుము. పిల్లలు వానిని అరచేతిలో పెట్టుకొని చూతురు. ముట్టగనే అవి కాళ్లు ముడుచుకొని ముఖమలు గుండీవలె కదలక పడియుండును. ఎండ ముదిరినచో మరల నేలలోనికి దూరిపోవును. మరుసటి సంవత్సరము వఱకు వాని జాడయే తెలియదు. నేను చిన్నతనమున ఎన్నియో ఆరుద్రపురుగులను చేతబట్టితిని గాని, దానికి కాళ్లెన్ని యని లెక్కించిన పాపమున పోలేదు. నలువది యేండ్లు దాటిన పిమ్మట ఒక ఛాయాచిత్రమున లెక్కించితిని. ఎనిమిది. అనగా అది పురుగుజాతిది కాదు, సాలెపురుగునకు చుట్టము. చేతిలో నుండినంతకాలము కనబడనిది చిత్రములో కనబడినది.

చిత్రములను గూర్చి రేడియోలో ప్రసంగించుట అద్దము లేనిచోట బొట్టు దిద్దుకొనుటవంటిదని నాకు తెలియును. అయినను ఈ కళకు చెప్పదగిన చరిత్ర యొకటి కలదు. అందులో మన ప్రాంతమునకు సంబంధించిన భాగము మనలో చాలమందికి తెలియదు. కనుక చెప్పుటకు సాహసించుచున్నాను.

ఈ చరిత్ర కెమెరాతో ఆరంభము కాలేదు, గుడ్డల అంగడిలో ఆరంభమైనది. హాలెండు దేశమున డెల్ఫ్ట్ పట్టణములో ఆంటనీ లేవన్‌హుక్ అను గుడ్డల వర్తకుడుండెను. ఆ వర్తకమువారికి బట్టలోని పోగులను లెక్కించి నేత మంచిచెడ్డలు తెలిసికొనుటకు చిన్న భూతద్దమొకటి యుండెడిది. ఎమ్మిగనూరులో నేతపని యెఱిగినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కఱలేదు. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకారసంఘమును స్థాపించిన యూరు అది. అక్కడ పోగుల లెక్క ఇంటింటి విద్య. లేవన్‌హుక్ పోగులతో తృప్తిపడక, తానే కటకములను సానపట్టి, చెరువునీటిని, పండ్లపాచిని, ఈగకన్నును చూచి, 1673 మొదలు లండనులోని రాయల్ సొసైటీకి జాబులు వ్రాయసాగెను. 1686లో ఆయన పత్తిగింజను పలుచని పొరలుగా కోసి, చిన్న పొట్లములో కట్టి ఒక జాబుతో పంపెను. ఆ పొట్లము దాదాపు మూడు వందల యేండ్లు కాగితముల మధ్యనే పడియుండి, 1981లో బ్రయన్ ఫోర్డ్ అను పరిశోధకుని చేతికి దొరకినది. పత్తి వ్యాపారముచే రెండవ బొంబాయి యనిపించుకొన్న మన ఆదోనిలో ప్రతిదినము ఎన్ని గింజలు నలిగిపోవుచున్నవో లెక్కలేదు. ఆ గింజలోపల నేమున్నదో పనిగట్టుకొని చూచినవాడు మాత్రము డెల్ఫ్ట్ నగరపు గుడ్డలవర్తకుడు.

మన తెలుగునేలపై ఇట్టి దగ్గరిచూపు చూచినవారు లేకపోలేదు. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా నుండిన విలియం రాక్స్‌బర్గ్, అక్కడి తోటలో మొక్కలు పెంచుచు, దేశీయ చిత్రకారులచే వాని చిత్రములు వ్రాయించెను. 1795 మొదలు 1820 వఱకు మూడు సంపుటములుగా లండనులో వెలువడిన ‘కోరమండలు తీరపు మొక్కలు’ అను గ్రంథమున అట్టి చిత్రములు మూడు వందలు కలవు. ఒక్కొక్క పటమున కొమ్మయు ఆకులును సహజప్రమాణమున నుండ, అడుగుభాగమున పువ్వును విప్పి, కేసరములను, అండాశయమును వేఱువేఱుగా, పెద్దవిగా చూపియుందురు. భూతద్దము పట్టుకొని సన్నని కుంచెతో వాటిని వ్రాసినవారు మనవారే. వారి పేరులు పటములమీద లేవు. ఆ రాక్స్‌బర్గే లక్కపురుగును గూర్చి సామర్లకోటనుండి వ్రాసిన వ్యాసము 1791లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చుపడినది. కావున కెమెరా పుట్టకముందే మన దేశపు పురుగొకటి, మన దేశపు పువ్వులు అనేకములు, దగ్గరగా చూడబడినవి. చూచినది చేతితో వ్రాసినంతవఱకే మిగిలినది.

వెలుతురుచేతనే చిత్రము వ్రాయింపవలెనను కోరిక పుట్టినపుడు, చిన్నవస్తువును పెద్దదిగా చూపుటయు ఆ కోరికలో మొదటినుండియు కలిసియే యుండెను. 1802లో థామస్ వెడ్జ్‌వుడ్ చేసిన ప్రయోగములను ప్రకటించుచు హంఫ్రీ డేవీ, సూర్యకాంతితో పనిచేయు సూక్ష్మదర్శినినుండి చిన్నవస్తువుల నీడలను వెండిలవణము పూసిన కాగితముపై పడవేసి పట్టవచ్చునని వ్రాసెను. కాని ఆ నీడ నిలుచు ఉపాయము వారికి తెలియదు. వెలుతురున చూచిన కొలది నల్లబడిపోయెడిది. 1839లో టాల్బట్ తన చిత్రములను లండనులో మొదట ప్రదర్శించినపుడు వానిలో సూక్ష్మదర్శినిద్వారా తీసినవియు కొన్ని యుండెను. ఛాయాగ్రహణము పుట్టిన యేడే దగ్గరిచూపును పుట్టినదన్నమాట.

మన ప్రాంతమునకు కెమెరా వచ్చుటకు ఆలస్యము కాలేదు. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అను సైనికోద్యోగి హంపీ శిథిలములను మైనము పట్టించిన పెద్ద కాగితములపై చిత్రించెను. ఆదోని 1953 అక్టోబరు 1వ తేదీ వఱకు బళ్లారి జిల్లాలోనిదే గనుక, అది మన జిల్లాలో జరిగిన సంగతియే యనవలెను. అదే 1856లో మద్రాసునందు ఛాయాగ్రాహకుల సంఘము ఏర్పడినది. దానికి అధ్యక్షుడుగా నుండిన వాల్టర్ ఎలియట్ తెలుగు జిల్లాలలో చిరకాలము పనిచేసినవాడు. మన మొక్కల తెలుగుపేరులను కూర్చి 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ అను గ్రంథమును ప్రకటించినవాడు. ఒకే మనుష్యుని చేతిలో కెమెరాయు, తంగేడు జిల్లేడుల పేరులును ఉన్నవి. ఆ రెండును కలియలేదు. కారణము సులభమే. గోపురము కదలదు. ఎంతసేపైనను కటకము తెఱచి యుంచవచ్చును. గాలికి ఊగు తంగేడుపువ్వు అంతసేపు నిలుచునా? దానిపై వ్రాలిన తేనెటీగ మాట చెప్పనేల?

గాలి లేని చోటును, కదలని వస్తువును వెదకికొన్నవాడు అమెరికాలో ఒక రైతు. వెర్మాంటు రాష్ట్రమున జెరికో యను పల్లెలో విల్సన్ బెంట్లీ యనువాడు, సూక్ష్మదర్శినికి తిత్తికెమెరాను తగిలించి, 1885 జనవరి 15వ తేదీని మంచుపలుకు యొక్క ఛాయాచిత్రమును మొదటిసారిగా తీసెను. మంచులో చలికి వణకుచు, ఊపిరి తగిలిన కరగిపోవునని శ్వాస బిగబట్టి, 5000లకు మించిన చిత్రములు తీసెను. అవి 1931లో గ్రంథముగా వెలువడినవి. ఆ సంవత్సరమే ఆయన మరణించెను. ఇరుగుపొరుగువారు ఆయనను వింతగా చూచిరందురు. పొలములో మోకాళ్లపై వంగి పురుగును చూచువానిని మన యూళ్లలోను అట్లే చూతురు గనుక, ఆ మాట నమ్ముటకు నాకు కష్టము లేదు.

ఇప్పుడు ఈ విద్యలోని కీలకము కొంత చెప్పవలెను. కొలిమి తిత్తి మనకందఱకు తెలిసినదే. పాత కెమెరాలలో కటకమునకును ఫిలిమునకును నడుమ తోలుతోనో నల్లగుడ్డతోనో మడతలు మడతలుగా కుట్టిన అట్టి తిత్తియే యుండెడిది. దానిని చాచిన కొలది కటకము ముందునకు జరుగును; జరిగిన కొలది దగ్గరి వస్తువు స్పష్టమై, పెద్దదిగా కనబడును. లెక్క చాల తేలిక. 50 మిల్లీమీటర్ల కటకమును, దూరపు కొండకు సరిపడిన స్థానమునుండి మఱి 50 మిల్లీమీటర్లు ముందునకు జరిపినచో, ఫిలిముపై పడు ప్రతిబింబము వస్తువంత యగును. 100 మిల్లీమీటర్లు జరిపినచో దానికి రెండింతలగును. అయితే ఊరక వచ్చునది లోకములో లేదు గదా. బింబము వస్తువంత యగునప్పటికి ఫిలిమును చేరు వెలుతురు నాలుగవ వంతునకు పడిపోవును. స్పష్టముగా కనబడు లోతు ఒక మిల్లీమీటరున కటునిటు మాత్రమే మిగులును. ఆరుద్రపురుగు పొడవు సుమారొక సెంటీమీటరు. దాని కన్ను స్పష్టమైనచో వీపు మసకబారును. వీపు స్పష్టమైనచో కన్ను పోవును. ఈ వెలుతురుతోను ఈ లోతుతోను చేసిన పోరాటమే సమీప ఛాయాగ్రహణపు చరిత్ర యని చెప్పిన తప్పు లేదు.

మఱియొక చిక్కు కలదు. పూర్వపు చిన్నకెమెరాలలో చూచు రంధ్రము వేఱు, చిత్రించు కటకము వేఱు. దూరపు మనుష్యుని తీయునపుడు ఆ తేడా లెక్కకు రాదు. బెత్తెడు దూరమున నున్న పురుగును తీయునపుడు మనము చూచినది తలయైన, చిత్రములో వచ్చునది తోక. 1936లో డ్రెస్‌డెన్ నగరమున వెలువడిన కీనె ఎగ్జాక్టా కెమెరా ఒక అద్దమును లోపల వాలుగా నిలిపి, చిత్రించు కటకమునుండియే చూచుటకు చిన్నకెమెరావారికి వీలు కల్పించినది. 1955లో కిల్‌ఫిట్ అను జర్మనుడు తిత్తి లేకయే మిక్కిలి దగ్గరకు జరుగగల మాక్రో కటకమును విడుదల చేసెను. మరుసటి యేడు జపానులో నిక్కాన్ వారు మైక్రో-నిక్కార్ చేసిరి. అది పువ్వులకొఱకు చేసినది కాదు. చిక్కని జపాను లిపిలోని పుస్తకపుటలను చిన్నఫిలిముపై అక్షరము చెదరకుండ ఎక్కించుటకు చేసినది. పుస్తకముల కొఱకు పుట్టిన కటకము పురుగుల పాలైనది. పురుగులు పుస్తకములను తినుట మనకు తెలిసినదే గాని, ఇది ఇంకొక విధము.

ఆ దినములలో మన దక్షిణదేశపు రైతుకు పురుగులను ఎవరు చూపిరి? మద్రాసు ప్రభుత్వపు కీటకశాస్త్రజ్ఞుడుగా పనిచేసిన బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ 1914లోను, టి. వి. రామకృష్ణయ్యరుగారు 1940లోను దక్షిణదేశపు కీటకములపై గొప్ప గ్రంథములు ప్రకటించిరి. ఇట్టి గ్రంథములలో చిత్రకారుని కలమే పెద్దదిక్కు. చిత్రకారుడు చచ్చిన పురుగును గుండుసూదికి గ్రుచ్చి ఎదుట పెట్టుకొని, ఎన్ని గంటలైనను చూచి, తలయు వీపును రెండును స్పష్టముగా వ్రాయగలడు. నాటి కెమెరా అది చేయలేదు. అందువలన పుస్తకములోని పురుగు శుభ్రముగా, తిన్నగా, రెక్కలు చాచి యుండును. పొలములోని పురుగు ఆకుచాటున, మట్టితో, సగము తిన్న మఱియొక పురుగును పట్టుకొని యుండును. రైతు పుస్తకము చూచి పొలములో గుర్తింపలేకపోవుటకు చదువు లేమియొక్కటే కారణమని నేననుకొనను.

ఇక మనకు సమీపమున జరిగిన సంగతి యొకటి. ఎం. కృష్ణన్ అను తమిళ ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1942 మొదలు కొన్నియేండ్లు బళ్లారి ప్రక్కనున్న సండూరు సంస్థానమున ఉద్యోగము చేసెను. ఆయన ఏనుగులను, అడవిదున్నలను తీసినవాడు. చిన్నప్రాణుల ఛాయాగ్రాహకుడని చెప్పలేము. కాని ఆయన కెమెరాను గూర్చి చెప్పక విడువరాదు. ఒక కంపెనీవారి పెట్టె, ఇంకొక కంపెనీవారి కటకము, తక్కిన భాగములు ఎక్కడెక్కడివో తెచ్చి, తన చేతితో కూర్చుకొన్న భారీయంత్రమది. దానికాయన ‘సూపర్ పాండరోసా’ యని వేడుకపేరు పెట్టుకొనెను. చూచినవారు నవ్విరి. ఆ యంత్రముతో తీసిన నలుపుతెలుపు చిత్రములను చూచి మాత్రము ఎవరును నవ్వలేదు. యంత్రములోని భాగములన్నియు ఒకే అంగడిలో కొనవలెననుట అంగడివాని శాస్త్రము. ఆ శాస్త్రమును తృణీకరించినవారిలో ఆయన మనకు సమీపబంధువు.

ఆ బంధుత్వము ఇటీవల బలపడినది. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు బాయిల్, స్మిత్ అనువారు వెలుతురును విద్యుత్తుగా మార్చి దాచు పలకను కల్పించిరి. 1975లో కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అను యువకుడు అట్టి పలకతో మొదటి డిజిటలు కెమెరాను కట్టెను. అందులో చిత్రమునకు 10,000 చుక్కలు. ఒక్క చిత్రమును టేపుపై ఎక్కించుటకు 23 సెకనులు పట్టెడిది. 2008 నాటికి, ఎగ్జాక్టా కాలమునుండి లోపల నున్న వాలుటద్దమును తీసివేసిన కెమెరాలు అంగళ్లకు వచ్చినవి. అద్దము పోగానే పెట్టె పలుచబడినది. పాత మర కటకములకు పలకనుండి 45.46 మిల్లీమీటర్ల దూరము కావలెను. క్రొత్త పెట్టెలలో ఒక జాతికి 18 మిల్లీమీటర్లు చాలును. ఆ మిగులు 27 మిల్లీమీటర్ల చోటున ఒక గుల్లగొట్టమును బిగించినచో, ఏబది అఱువది యేండ్ల క్రిందటి కటకమైనను క్రొత్త కెమెరాపై కూర్చుండును. తయారుచేసినవారు దీనికొఱకు చేసిరో లేదో గాని, ప్రపంచపు అటకలపై పడియున్న కటకములన్నింటికి పునర్జన్మ వచ్చినది. రష్యావారి హీలియస్, జర్మనుల టెస్సర్, ఒలింపస్ వారి చిన్న మాక్రో కటకములు, తిత్తులు, గొట్టములు అన్నియు దుమ్ము దులుపుకొని లేచినవి.

మన చిన్నపట్టణములలో స్టూడియోలు మూతపడిన కథ మీకు తెలిసినదే. ఊటీలో హిందూస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వారు చేసిన ‘ఇందు’ ఫిలిము, చీకటిగది, ఎఱ్ఱదీపము, చిత్రమును పెద్దదిచేయు యంత్రము, కొండయు చెరువును వ్రాసిన తెర, అన్నియు ఒక తరములో పోయినవి. అట్లు మూసిన స్టూడియో యొకదానినుండి నాకొక తిత్తియు, పెద్దదిచేయు యంత్రపు 50 మిల్లీమీటర్ల కటకమును దొరకినవి. ఇనుపసామానులవానికి తూకమునకు వేయబోవుచుండగా అడిగి తెచ్చుకొంటిని. మొదటి ఆరుద్రకార్తెలో ఎంతో ఉత్సాహమున తీసిన చిత్రములన్నిటిపైనను తెల్లని పొగవంటిది పడినది. కటకమునకు బూజు పట్టినదేమో యని తుడిచితిని, విప్పితిని, తిట్టితిని. కార్తె గడచిపోయినది. పిమ్మట ఒక పెద్దాయన, ఆ విద్యలో పండినవాడు, చీకటిగదిలో తిత్తిలోపల చిన్న దీపము పెట్టి చూడుమనెను. చూడగా మడతలవెంట నక్షత్రములవలె చిల్లులు! చిమ్మటలు నమిలిన తిత్తి అది. పురుగులను తీయబోయినవానికి పురుగులే అడ్డము వచ్చినవి. నల్లటేపు అంటించుటకు అరగంట పట్టినది. మఱుసటి ఆరుద్ర కొఱకు వేచియుండుటకు సంవత్సరము పట్టినది.

ఆ కటకమును త్రిప్పి, ముందుభాగము కెమెరావైపునకు వచ్చునట్లు బిగింపవలెను. గోడకు పెద్ద బొమ్మను వేయుటకు చేసిన కటకము, చిన్న ఫిలిమును ఒకవైపునను పెద్ద కాగితమును మఱియొకవైపునను ఉంచుకొని పనిచేయును. పురుగును పెద్దది చేయునపుడు చిన్నది బయట, పెద్దది లోపల. కావున త్రిప్పుటయే న్యాయము. లోతు చాలని చిక్కునకు డిజిటలు కెమెరా ఒక ఉపాయము చూపినది. కెమెరాను వెండ్రుకవాసి చొప్పున ముందునకు జరుపుచు ఇరువది ముప్పది చిత్రములు తీసి, ఒక్కొక్కదానిలో స్పష్టమైన భాగమును మాత్రము గణనయంత్రముచే ఏఱి కూర్పించినచో, తల మొదలు తోక వఱకు స్పష్టమైన చిత్రమొకటి వచ్చును. ఫిలిము దినములలో ముప్పదియాఱు చిత్రముల చుట్టనంతయు ఒక్క పురుగునకు వెచ్చించు ధనవంతుడెవడు?

అయితే ఇందులో ఒక దోషము ప్రవేశించినది. ఇరువది చిత్రములు తీయునంతసేపు ప్రాణి కదలరాదు. కదలకుండుటకు కొందఱు దానిని చలిపెట్టెలో పెట్టుదురు. కొందఱు చంపియే తీయుదురు. చచ్చిన చీమను ఆకుపై జీవించినట్లు నిలబెట్టి తీసిన చిత్రములకు మెప్పు దొరకుచున్నది. గుండుసూదికి గ్రుచ్చిన పురుగును వ్రాసిన పాతచిత్రకారుడు, అది చచ్చినదని దాచలేదు. వీరు దాచుచున్నారు. నాకు తోచినంతవఱకు, తెల్లవాఱుజామున మంచు పడిన వేళ పురుగులు తమంత తామే చలికి మొద్దుబాఱి నిలుచును. అప్పుడు లేచి పోవలెను. నిద్ర చెడగొట్టుకొనుట ఇష్టము లేనివారు ఈ పని మానుకొనుట మేలు.

తెల్లవాఱుజామున నల్లరేగడిలోని పత్తిచేనిలో కూర్చుండినచో ఏమి కనబడునో చెప్పెదను. ఆకు క్రింద పేనుబంక గుంపులు. వానిని మేయుచు నల్లని, ముళ్లతోకూడిన, మొసలిపిల్లవంటి చిన్నపురుగు. చూచుటకు వికారముగా నుండును. రైతు దానిని చూచినంతనే నలిపివేయును, లేక మందు కొట్టును. అది మఱి యేమియు కాదు. అక్షింతలపురుగు యొక్క పిల్ల. పెద్దదైన పిమ్మట పసుపుగానో ఎఱ్ఱగానో నల్లచుక్కలతో ముద్దుగా నుండు అక్షింతలపురుగును ఎవ్వరును చంపరు. దాని పిల్లను మాత్రము శత్రువని చంపుదురు. ఇంకొక ఆకుమీద వెండ్రుకవంటి సన్నని కాడల కొనలయందు తెల్లని గ్రుడ్లు నిలిచియుండును. అవి అల్లికరెక్కల పురుగు పెట్టినవి. అదియు పేనుబంకను తినునదే. ఈ గ్రుడ్లను తెగులని భ్రమించువారున్నారు. నేను చేనిగట్టుమీద ఒక రైతునకు కెమెరా తెరపై ఈ పిల్లపురుగు పేనును పట్టి పీల్చుచున్న చిత్రమును చూపితిని. ఆయన చాలసేపు చూచి, “ఇన్నేండ్లు కాపలావానిని కొట్టి దొంగను మేపితిమి గదా స్వామీ,” యనెను. గులాబిపురుగునకు శాస్త్రజ్ఞులు పేరు పెట్టినది 1843లో, భరూచినుండి పంపిన పురుగులను చూచి. 2002లో బీటీ పత్తి వచ్చిన పిమ్మట కొన్నియేండ్లు అది అణగినట్లేయుండి మరల తలయెత్తినది. శత్రువునకు ఇంత చరిత్ర యున్నది. మిత్రుల ముఖములు మాత్రము మన చేనువారికి ఎవరును చూపలేదు. ఈ పని పుస్తకములోని కలముచిత్రముకంటె, అదే చేనిలో అదే యాకుపై తీసిన ఛాయాచిత్రము బాగుగా చేయును. ఇందుకు గొప్ప పరికరములు అక్కఱలేదు. చేతిఫోనునకు ఎదురుగా ఒక పాత కటకమును త్రిప్పిపట్టినను అక్షింతలపురుగు పిల్ల కనబడును.

ఇంతవఱకు చెప్పినది మేలు. కీడునుగూర్చియు ఒక సంగతి చెప్పి విరమించెదను. అదియు మన రైలుదారిలోనిదే.

ఆదోనినుండి గుంతకల్లు దాటి మద్రాసు దారిన పోయిన గుత్తి వచ్చును. 1899లో అక్కడి రైలుకలపదొడ్డిలో పెద్ద సాలెపురుగొకటి దొరకినది. లండను మ్యూజియములోని పోకాక్ అను శాస్త్రజ్ఞుడు ఆ యొక్కదానిని పరిశీలించి, లోహమువలె మెఱయుచున్నదను నర్థమున ‘మెటాలికా’ యని పేరుంచెను. కాళ్లు చాచినచో జేనెడునకు కొంచెము తక్కువ; ఒడలంతయు నీలము, నడుమ పసుపు. తరువాత గుత్తి చుట్టుపట్ల ఎంత వెదకినను అది దొరకలేదు. నూట రెండేండ్లకు, 2001లో, నంద్యాలకును గిద్దలూరునకును నడుమనున్న అడవిలో ముసలిచెట్ల తొఱ్ఱలయందు అది మరల కనబడినది. గుత్తి దాని యూరు కాదు. నల్లమల దుంగలతోపాటు రైలెక్కి వచ్చి దిగినదని ఇప్పుడు పలువురి యూహ.

ఆ నీలమును దగ్గరిచూపున చూచినవారికి ఒక విశేషము తెలిసినది. నీలిమందువలె అద్దిన రంగు కాదది. వెండ్రుకలోని అతిసూక్ష్మమైన పొరల కట్టడమువలన వెలుతురులోని నీలిభాగము మాత్రము తిరిగివచ్చుటచే కలుగు కాంతి. ఇట్టి సాలెపురుగుల నీలమును గూర్చి 2015లో వెలువడిన పరిశోధన యొకటి, వేఱువేఱు జాతులలో ఆ కట్టడము వేఱువేఱుగా నున్నను, నీలము మాత్రము ఇంచుమించు ఒక్కటే యని తేల్చినది. ఇది ఛాయాగ్రాహకునకు ఎంతటి ప్రలోభమో చెప్పనలవి కాదు. 2001 తరువాత దాని చిత్రములు లోకమంతట వ్యాపించినవి. చిత్రము పోయిన దారినే కోరికయు పోయినది. కొన్నియేండ్లలోనే యూరపు, అమెరికా దేశములలో ఇండ్లలో పెంచుకొనువారి గాజుపెట్టెలకు ఆ సాలీడు చేరినది. 2008లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు దానిని అంతరించు అపాయము మిక్కిలిగా నున్న జాతుల పట్టికలో చేర్చిరి. అది నివసించు అడవి 100 చదరపు కిలోమీటర్లకంటె తక్కువ. 2019లో ఈ జాతి సాలీళ్లన్నింటిని దేశాంతర వ్యాపారముపై అదుపు విధించు సైటీస్ ఒడంబడిక పట్టికలోనికి ఎక్కించిరి. కట్టెలకొఱకు చెట్లు నఱకుట ఒక శత్రువు. అందమైన చిత్రము ఇంకొక శత్రువు. రెండవదానిని తీసినవాడు చెడ్డ యుద్దేశముతో తీయలేదు. ఫలానా గ్రామము దాటిన పిమ్మట ఫలానా వాగు ప్రక్క చింతచెట్టు తొఱ్ఱలో నని సంతోషముకొలది వ్రాసినాడు, అంతే.

డిజిటలు కెమెరాలలోను ఫోనులలోను చిత్రముతోపాటు, అడుగకున్నను, తీసినచోటి అక్షాంశ రేఖాంశములు వ్రాసిపెట్టు యేర్పాటు కలదు. నా పాత తిత్తికిని కటకమునకును ఆ విద్య తెలియదు, పెట్టెకు తెలియును. అందుచే నేను చిత్రము తీయుటకు ముందే పెట్టెలో ఆ యేర్పాటును ఆపివేయుదును. ఆరుద్రపురుగుల చిత్రమునకు క్రింద ‘ఆదోని తాలూకా’ అని మాత్రమే వ్రాసితిని. వానినిసైతము కొన్ని ప్రాంతములలో మందుకని బుట్టలకొలది ఏఱి అమ్ముదురు. ఎక్కడ తీసితివని అడిగినవారికి, వాన పడిన మరునాడు మీ యూరి చేనిలోనే చూడుడని చెప్పుచున్నాను.